థార్ ఎడారిలో ఫీల్డ్‌వర్క్‌కి గ్రాంటు ఎక్కడ దొరుకుతుంది? జేఆర్‌ఎఫ్ లేదు, చేతిలో డబ్బుల్లేవు

బట్టమేక_ఊరోడు:

అందరికీ నమస్కారం. మాది నంద్యాల జిల్లా, రోళ్లపాడు అభయారణ్యానికి దగ్గర్లో ఒక పల్లె. మా తాత చిన్నప్పుడు జొన్న చేలో బట్టమేక పిట్టలు మనిషిలా తలెత్తుకుని నడిచిపోయేవని చెప్తాడు. నాకు బుద్ధి తెలిశాక ఒక్కటి కూడా కనపడలేదు, బోర్డు మీద బొమ్మ తప్ప. 1988లో ఆ పిట్ట కోసమే అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు చూస్తే కృష్ణజింకలే కృష్ణజింకలు, అవి చేలల్లో పడుతున్నాయని రైతుల గొడవ.

నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో జువాలజీ పీహెచ్‌డీ మొదటి ఏడాది. నెట్ పరీక్షలో లెక్చరర్‌షిప్ వచ్చింది కానీ జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, కొన్ని మార్కుల్లో పోయింది. సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లకి నెట్ లేకపోయినా నెలకు 8,000 ఇస్తారు, మాకు అదీ లేదు. మా గైడ్ సారు చేపల మనిషి. మంచాయన, దేనికీ అడ్డు చెప్పరు, కాకపోతే ఎడారి గురించి ఏం అడిగినా "నువ్వే కనుక్కుని నాకూ చెప్పు" అంటారు.

నా ఆలోచన ఏంటంటే బట్టమేక ఇంకా మిగిలున్న చోటికి, అంటే జైసల్మేర్ దగ్గర డెజర్ట్ నేషనల్ పార్క్‌కి వెళ్లి, మూడేసి నెలల చొప్పున రెండు సీజన్లు ఉండి, అక్కడి గడ్డి నేలలనీ మా రోళ్లపాడు గడ్డి నేలలనీ పోల్చి చూడాలని. లెక్కేస్తే మూడున్నర లక్షలు తేలింది. ఇంట్లో అడిగే పరిస్థితి లేదు, నాన్న ఇప్పటికే మిర్చి పెట్టి మునిగి ఉన్నాడు.

ఇలాంటి పనికి విద్యార్థులకు డబ్బులిచ్చేవాళ్లు ఎవరున్నారు, బయటి దేశాల గ్రాంట్లు మనలాంటి వాళ్లకి వస్తాయా, వస్తే ఎవరి అకౌంట్లో పడతాయి, అడవి శాఖ పర్మిషన్ ముందా గ్రాంటు ముందా? ఒకరు పర్మిషన్ లేకుండా గ్రాంటు ఇవ్వరంటారు, ఇంకొకరు గ్రాంటు లేకుండా పర్మిషన్ అడిగితే నవ్వుతారంటారు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

హగరి_ఒడ్డు:

ఎడారి కోసం జైసల్మేర్ దాకా ఎందుకు బ్రదర్, అనంతపురం రా. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి నది పక్కన ఇసుక దిబ్బలు చేల మీదికి వచ్చి పడుతున్నాయి, గాలి కాలంలో చూస్తే నువ్వు రాజస్థాన్‌లో ఉన్నావో రాయలసీమలో ఉన్నావో తెలీదు. బస్సు చార్జీ అయిపోతుంది, గ్రాంటే అక్కర్లేదు. సీరియస్‌గానే చెప్తున్నా.

సాండా_లెక్కలు:

తమ్ముడూ, నేను నాలుగు సీజన్లు జైసల్మేర్ జిల్లాలోనే తిరిగాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు. పైన హగరి అన్న చెప్పింది కొట్టిపారేయకు గానీ అనంతపురంలో ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, జైసల్మేర్‌లో 200 అటూ ఇటూ అంతే. ఆ దిబ్బలు నది ఇసుకతో వచ్చినవి. పోలిక బాగుంటుంది, ఒకటి ఇంకొకటి అయిపోదు.

ముందు బట్టమేక సంగతి. వద్దు. మనసు నొచ్చుకుంటావని తెలుసు, అయినా వద్దు. అక్కడ దాన్ని గోడావణ్ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర పక్షి. బయట స్వేచ్ఛగా మిగిలినవి నూట యాభై దగ్గర, దాదాపు అన్నీ ఆ ఒక్క జిల్లాలోనే. 2016 నుంచి కేంద్రం, రాజస్థాన్ ప్రభుత్వం, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి పెద్ద ప్రాజెక్టు నడుపుతున్నాయి, 2019లో గుడ్లు ఏరి తెచ్చి పొదిగించడం మొదలెట్టారు, అక్కడే సమ్ అనే ఊళ్లోనూ రామ్‌దేవ్‌రాలోనూ ఆ కేంద్రాలున్నాయి. దీనికి తోడు కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతున్నాయని సుప్రీంకోర్టులో కేసు నడిచింది, 2021లో తీగలు భూమిలో వేయమన్నారు, 2024 మార్చిలో ఆ ఆదేశం మార్చి నిపుణుల కమిటీ వేశారు. అంటే నీ దరఖాస్తు మీద ఆ పిట్ట పేరు కనపడగానే అవతల టేబుల్ దగ్గర ఆఫీసరు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. ఎడారి మొహం చూడని మొదటి ఏడాది కుర్రాడికి, చేపల గైడ్ ఉన్నవాడికి, ఆ ఫైలు మీద సంతకం ఎవరు పెడతారు చెప్పు. నేను కూడా మొదట గోడావణ్ అనే రాశా, పదకొండు నెలలు జవాబే లేదు.

ఆ తర్వాత మారిందేంటంటే నేను గోడావణ్ వదిలేసి సాండా మీద పనికి మారా. ముళ్ల తోక ఉన్న బల్లి, ఉడుం కంటే చిన్నది, గడ్డి తింటుంది. దాని కొవ్వుతో తీసే నూనె ఏవో నొప్పులకు పనికొస్తుందని రోడ్డు పక్కన అమ్ముతారు, అందుకే దొంగతనంగా పట్టేవాళ్లు ఎక్కువ. డేగలు, గద్దలు, నక్కలు అన్నీ దీని మీదే పడతాయి, అందుకని గడ్డి నేల బాగుందా లేదా అనేది ఇది చెప్పేస్తుంది. లెక్కపెట్టడానికి దాన్ని ముట్టుకోనక్కర్లేదు. బొరియ నోరు అర్ధచంద్రంలా ఉంటుంది, సాయంత్రం లోపలికి పోయి మట్టితో తలుపేసుకుంటుంది, పొద్దున నేల కాస్త వేడెక్కాక ఆ మట్టి తోసుకుని తల బయటపెడుతుంది. నువ్వు పొద్దున్నే తాడు పట్టుకుని వంద మీటర్ల గీత వెంట నడుస్తావు, తలుపేసి ఉన్న బొరియ అంటే లోపల ఇల్లుగలవాళ్లు ఉన్నారు, సాలెగూడు అడ్డంగా ఉన్నదంటే ఖాళీ. మొదటి వారం నేను ఎలక బొరియల్ని కూడా లెక్కేశా. మా డ్రైవర్ బాబాయ్ రెండు రోజులు ఏమీ అనకుండా చూసి, మూడో రోజు చెప్పుతో మట్టి గీసి గుండ్రంగా ఉంటే ఎలక, ఇలా బోర్లించిన గిన్నెలా ఉంటే సాండా అని నేర్పాడు. ఆ రెండు రోజుల షీట్లు చించేశా.

ఇప్పుడు డబ్బులు. నీలాంటి వాడికి మొదటి తలుపు రఫర్డ్ ఫౌండేషన్. ఇంగ్లండ్ వాళ్లది, కానీ ఇచ్చేది ఎక్కువగా మనలాంటి దేశాల్లో ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకే, మొదటి గ్రాంటు కొన్ని వేల పౌండ్లు, నీ మూడున్నర లక్షలకు సరిపోయేంత ఉంటుంది. ఏడాది పొడుగునా అప్లై చేయొచ్చు. ముగ్గురు రిఫరెన్సు రాయాలి, అందులో ఒక్కరైనా ఆ నేల తెలిసినవాళ్లు ఉంటే బలం. వాళ్ల షరతు ఒకటి బాగా చదువు, ఉత్త పరిశోధనకు ఇవ్వరు, దానివల్ల ఆ జంతువుకో నేలకో ఏం మేలు జరుగుతుందో కనపడాలి. మనవాళ్ల దరఖాస్తులు చాలా వరకు ఇక్కడే పోతాయి. పీహెచ్‌డీకి ఇచ్చిన సినాప్సిస్‌నే కాపీ కొట్టి పెట్టేస్తారు, "ఈ జాతి గురించి సమాచారం తక్కువ" అని మొదలవుతుంది, ఎవడిక్కావాలి. ఫలానా మూడు ఊళ్ల పోరంబోకులో బొరియలు ఎన్నున్నాయో లెక్కేసి, ఆ మ్యాపు పంచాయతీకీ అడవి శాఖకీ ఇస్తాను, బడి పిల్లలతో రెండేళ్లు లెక్క కొనసాగిస్తాను, ఇలా రాయి.

రెండోది ఐడియా వైల్డ్. వీళ్లు డబ్బివ్వరు, వస్తువులిస్తారు, బైనాక్యులర్స్, కెమెరా, జీపీఎస్ లాంటివి. బయటినుంచి పార్సిల్ వస్తే కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటుంది, ముందే వాళ్లతో మాట్లాడుకో. మూడోది అబుదాబి నుంచి మహమ్మద్ బిన్ జాయెద్ ఫండ్, ఒక్కో జాతి మీద ఇస్తారు, 25,000 డాలర్ల దాకా ఉంటుంది కానీ అంత అడిగితే నీకు రాదు, పనికి తగ్గట్టు అడుగు. మన దేశంలో ఇన్‌లాక్స్ ఫౌండేషన్ వాళ్లు రవి శంకరన్ గారి పేరు మీద ఇచ్చేవి ఉన్నాయి, ఆయన బట్టమేక చుట్టమైన చిన్న ఫ్లోరికన్ మీద పని చేసిన మనిషే, గడ్డి నేలల ఊసెత్తితే వినే చెవులు అక్కడ ఉంటాయని నా నమ్మకం. వాళ్ల పేజీ చూస్తూ ఉండు. జేఆర్‌ఎఫ్ రాలేదని ఏడవకు, వచ్చినా నెలకు 37,000 నీ తిండికి, ఫీల్డుకి ఇచ్చే కంటింజెన్సీ సైన్స్ వాళ్లకి మొదటి రెండేళ్లు సంవత్సరానికి 12,000. అది జైసల్మేర్‌లో జీపుకి నాలుగు రోజులు వస్తుంది.

జీపు అంటే గుర్తొచ్చింది, బడ్జెట్‌లో సగం అదే తింటుంది, అందరూ అక్కడే తప్పు రాస్తారు. నేను రెండో సీజన్ నుంచి జీపు మానేసి పాత బైకు ఒకటి నెలవారీ అద్దెకు తీసుకున్నా, ఊళ్లోనే ఒక ఇంట్లో గది, ఆ ఇంటి అబ్బాయే నా అసిస్టెంటు. అతనికి రోజు కూలి కాకుండా నెల జీతం అని రాశా, ఇన్సూరెన్సు కూడా పెట్టా. గ్రాంటు ఇచ్చేవాళ్లు ఈ లైన్లు చూస్తారు. గుండ్రంగా "ప్రయాణం 1,00,000" అని రాసేవాడికీ, "బైకు అద్దె ఇన్ని నెలలు, పెట్రోలు రోజుకు ఇన్ని కిలోమీటర్లు" అని రాసేవాడికీ తేడా తెలిసిపోతుంది, రెండోవాడు అక్కడికి వెళ్లొచ్చాడని.

అందుకే చెప్పేది, అప్లై చేసే ముందు సొంత ఖర్చుతో ఒక్క పది రోజులు వెళ్లి రా. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్క భగత్ కీ కోఠీకి ఇప్పుడు నేరుగా రైలుంది, స్లీపర్‌లో వెళ్లు. జోధ్‌పూర్‌లో దిగి కాజ్రీకి వెళ్లు, 1959 నుంచి ఎడారి నేలల మీద పని చేస్తున్న సంస్థ, జువలాజికల్ సర్వే వాళ్ల డెజర్ట్ సెంటర్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఎవరో ఒక సైంటిస్టుతో అరగంట కూర్చుంటే నీకు రిఫరెన్సు, కో-గైడ్, రెండూ అక్కడే దొరకొచ్చు. చేపల సారుకి కూడా ఊపిరి.

పర్మిషన్ ముందా గ్రాంటు ముందా అన్నావు. రెండూ ఒకేసారి పెట్టు. అభయారణ్యం లోపల పని అంటే 1972 చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిషన్, ఆఫీసు జైపూర్‌లో. గ్రాంటు ఫారంలో "ఫలానా తేదీన అప్లై చేశాం, కాపీ జతపరిచాం" అని రాస్తే చాలామంది ఒప్పుకుంటారు. నీ గీతలు పార్కు బయట ఊరి పోరంబోకుల్లో ఉంటే, జంతువుని ముట్టుకోకపోతే, పని తేలిక, అయినా అక్కడి అడవి శాఖ అధికారికి (డీఎఫ్ఓ) రాతపూర్వకంగా తెలియజేసి రసీదు సంతకం చేయించుకో. ఆ రసీదు జేబులో లామినేషన్ చేయించి పెట్టుకున్నా నేను. బోర్డర్ జిల్లా, పొద్దున్నే తాడు పట్టుకుని ఇసుకలో వంగి చూస్తూ నడిచే మనిషిని ఎవరైనా ఆపుతారు, ఆపకపోతే వాళ్లు డ్యూటీ చేయనట్టు. డ్రోన్ ఆలోచన ఉంటే మర్చిపో, శాటిలైట్ ఫోన్ లైసెన్సు లేకుండా పట్టుకోవడం నేరం.

బట్టమేక_ఊరోడు:

అన్నా దండాలు. బట్టమేక వద్దు అన్నచోట ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు బయటికెళ్లొచ్చా, అబద్ధం ఎందుకు. కానీ పదకొండు నెలలు అనేసరికి అర్థమైంది. ఒక్క డౌటు, రఫర్డ్ డబ్బు యూనివర్సిటీ అకౌంట్లో వేయించుకోమని మా సీనియర్ అంటున్నాడు, సేఫ్ అని. నిజమేనా?

ఓరణ్_అక్క:

ఆ డౌటు చూసి లాగిన్ అయ్యాను. తమ్ముడూ, అకౌంటు సంగతి తేల్చుకోకుండా సబ్మిట్ బటన్ నొక్కకు.

నాది ఆంత్రోపాలజీ. జైసల్మేర్ చుట్టుపక్కల ఓరణ్‌ల మీద పని చేశాను. ఓరణ్ అంటే దేవతకు వదిలేసిన అడవి, అందులో చెట్టు కొట్టరు, పశువులు మేయొచ్చు, అంతే. ఎక్కువగా ఖేజ్రీ చెట్లు, అంటే ఎవరో కాదు, మన జమ్మి. దసరాకి మనం ఆకు పంచుకుంటాం, వాళ్లు కాయలు ఎండబెట్టి సాంగ్రీ అని కూర వండుకుంటారు. వాళ్లకి రాష్ట్ర వృక్షం, తెలంగాణకీ అదే. ఈ ఒక్క ముక్క చెప్పి నేను ఎన్ని ఇళ్లల్లో మజ్జిగ తాగానో లెక్కలేదు. "మీ దగ్గరా ఉందా ఖేజ్రీ?" అని ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, ఆకు ఫొటో చూపిస్తే ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "ముళ్లు చిన్నవి, నీళ్లు ఎక్కువ తాగినట్టుంది" అంది.

సరే, డబ్బు. నాకు బయటి దేశపు చిన్న గ్రాంటు ఒకటి వచ్చింది, పేరొద్దు. సేఫ్ అని నేనూ సంస్థ అకౌంటుకే పంపమన్నా. బయటి డబ్బు తీసుకోవాలంటే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో తెరిచిన ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి పంచడం కూడా కుదరదు. మా సంస్థకి రిజిస్ట్రేషన్ ఉందని అందరూ అనుకుంటున్నారు, నేనూ అనుకున్నా. ఉండింది, గడువు అయిపోయింది, రెన్యువల్ ఫైలు ఎక్కడో ఉంది. డబ్బు వచ్చిన దారినే వెనక్కి పోయింది. గ్రాంటు వాళ్లు మర్యాదగా మెయిల్ పెట్టారు, నేను ఇక్కడ సెక్షన్ ఆఫీసర్ టేబుల్ ముందు నిలబడి ఏడ్చాను, ఆయన టీ తెప్పించాడు. వానాకాలం సీజన్ మొత్తం పోయింది.

కాబట్టి నీ ఫైనాన్స్ సెక్షన్‌కి వెళ్లి "రిజిస్ట్రేషన్ ఉందా" అని అడగకు, ఉందనే చెప్తారు. సర్టిఫికెట్ కాపీ చూపించమను, దాని మీద తేదీ చూడు. వ్యక్తిగతంగా స్కాలర్‌షిప్‌లా తీసుకోవచ్చా అనేది నీ సంస్థ లీగల్ వాళ్లనో, తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌నో కాగితం మీద అడుగు, ఫోరంలో ఎవరో తీసుకున్నారని నువ్వు తీసుకోకు. గ్రాంటు వాళ్లని కూడా అడుగు, ఇండియా వాళ్లకి ఎలా పంపుతున్నారో వాళ్లకి అనుభవం ఉంటుంది.

మన ప్రభుత్వ డబ్బుతో ఈ బాధ లేదు, వేరే బాధ ఉంది. సోషల్ సైన్స్ వాళ్లకి ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టరల్ ఫెలోషిప్, చరిత్ర వాళ్లకి ఐసీహెచ్‌ఆర్ స్టడీ-కమ్-ట్రావెల్ గ్రాంటు ఉన్నాయి. చదివేవాళ్లలో వేరే సబ్జెక్టుల వాళ్లు కూడా ఉంటారని రాస్తున్నా. ఆంత్రోపాలజీకి వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ గ్రాంటు ఉంది, ఏ దేశపు విద్యార్థి అయినా పెట్టొచ్చు, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. సర్కారు గ్రాంటు ఏదైనా చివరికి యుటిలైజేషన్ సర్టిఫికెట్ అడుగుతారు, అంటే ప్రతి రూపాయికీ బిల్లు. ఒంటె మీద నీళ్లు తెచ్చిన మనిషి జీఎస్‌టీ బిల్లు ఇవ్వడు. నేను రసీదు పుస్తకం ఒకటి అచ్చు వేయించుకుని తీసుకెళ్లా, హిందీలో, పేరు, ఊరు, దేనికి, ఎంత, సంతకం లేదా వేలిముద్ర. స్టాంపు ప్యాడ్ ఆ ఎండకి ఎండిపోతుంది, రెండు పెట్టుకో.

ఒక మాట సాండా గారికి. పోరంబోకు అంటే పని తేలిక అన్నారు, కాగితాల వరకు నిజం. ఓరణ్‌లు చాలావరకు రెవెన్యూ రికార్డుల్లో బంజరు అని ఉంటాయి, సోలార్ కంపెనీలకి అందుకే తేలిగ్గా వెళ్లిపోతున్నాయి. 2024 డిసెంబరులో వాటిని గుర్తించి రక్షించమని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ వేడిలో ఎవరో కొత్త కుర్రాడు వచ్చి తాడు పట్టి కొలుస్తుంటే ఊరివాళ్లకి వచ్చే మొదటి అనుమానం కంపెనీ సర్వేయర్ అని. నన్ను రెండు ఊళ్లల్లో అలాగే అనుకున్నారు. తాడు తీసే ముందు ఊరి పెద్దల దగ్గర కూర్చోవాలి, ఒక్కరోజు కాదు. ఆ రోజులకి కూడా బడ్జెట్ రాసుకో.

సాండా_లెక్కలు:

ఒప్పుకుంటా అక్కా. మా బాబాయ్ ఆ ఊరివాడే కావడంతో నాకు ఆ సెగ తగల్లేదు. అకౌంటు విషయంలో మీరు చెప్పిందే ఫైనల్.

టక్సన్_రెడ్డి:

ఇక్కడ నాలాంటివాళ్లు కూడా చదువుతుంటారని రాస్తున్నా. నేను అరిజోనాలో ఉన్నా, సొనోరన్ ఎడారి గుమ్మంలోనే, ఊరి మధ్య టుమమోక్ కొండ మీద 1903లో పెట్టిన ఎడారి లాబరేటరీ ఇంకా నడుస్తోంది. నా పీహెచ్‌డీలో సగం థార్, సగం సొనోరన్ పెడదామని మొదలెట్టా. అమెరికా యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లు ఇండియాలో ఫీల్డ్‌వర్క్ చేయాలంటే అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ (ఏఐఐఎస్) ఫెలోషిప్పులు ఉన్నాయి, అక్కడ ఫుల్‌టైం చదువుతుంటే ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నా అప్లై చేయొచ్చు. డబ్బు వైపు నుంచి నాకు ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది వచ్చింది వేరే వైపు నుంచి. నాది ఇండియన్ పాస్‌పోర్టే కదా, ఊరికి వెళ్లినట్టు వెళ్లి నాలుగు మొక్కలు, కాస్త మట్టి తెచ్చుకుంటా అనుకున్నా. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పరిశోధన కోసం జీవవనరులు తీసుకోవడానికి విదేశీయులకే కాదు, ఇన్‌కంటాక్స్ లెక్కలో నాన్-రెసిడెంట్ అయిన భారత పౌరుడికి కూడా చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి కావాలి. అంటే మా అమ్మకి నేను కొడుకునే, ఆ చట్టానికి మాత్రం బయటివాణ్ణి. వేరే దేశపు పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకి ఇంకో మెలిక, 2021 నోటిఫికేషన్ తర్వాత ఇండియాలో ఏ పరిశోధన చేయాలన్నా విడిగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఇది తెలియక టికెట్లు కొనేసుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. మరి ఆ శాంపిల్స్ సంగతి ఏమైందంటే, నేను మట్టి తేవడం మానేసి, అక్కడి ల్యాబ్‌లోనే పరీక్ష చేయించే పద్ధతికి మార్చుకున్నా, గ్రాంటు వాళ్లకి మెయిల్ పెడితే ఒక్క రోజులో బడ్జెట్ లైన్ మార్చుకోనిచ్చారు. గ్రాంటు వాళ్లు అడిగితే ఒప్పుకుంటారు, అడక్కుండా మారిస్తేనే గొడవ.

బట్టమేక తమ్ముడికి నేను చెప్పేది చిన్నది. మొదటి దరఖాస్తు తిరిగొస్తుంది. కారణం రాయకపోతే అడిగి మరీ తీసుకో, అదే మనిషి టేబుల్ మీదికి రెండోసారి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. నాకు మూడోసారికి వచ్చింది.

హగరి_ఒడ్డు:

ఇంత చదివాక నా సలహా ఇంకా బాగుందనిపిస్తోంది 😀 బస్సు చార్జీ, బిల్లు కూడా కండక్టరే ఇస్తాడు.

బట్టమేక_ఊరోడు:

మూడు రోజులకి మళ్లీ వచ్చా. ఫైనాన్స్ సెక్షన్‌కి వెళ్లి అక్క చెప్పినట్టు సర్టిఫికెట్ చూపించమన్నా. "ఎవరు చెప్పారు నీకు ఇవన్నీ" అన్నారు, తర్వాత వెతికారు, దొరికింది, తేదీ ఇంకా ఉంది. ఫొటో తీసుకున్నా. మా సారుకి సాండా సంగతి చెప్తే కాసేపు ఆలోచించి "చేపకంటే నయం, పారిపోతే ఎటు పోయిందో కనపడుతుంది" అన్నారు. కో-గైడ్ కోసం కాజ్రీకి ఉత్తరం ఆయనే రాస్తామన్నారు.

హగరి అన్నా, నీ మాట కూడా తీసుకున్నా, సాండా కాదు గానీ గడ్డి కొలతలు రోళ్లపాడులో, మీ దిబ్బల దగ్గర కూడా అదే పద్ధతిలో తీద్దామనుకుంటున్నా, దానికి గ్రాంటు అక్కర్లేదు కదా, భోజనం నీ ఇంట్లోనే.

సాండా అన్నా, అక్టోబరు సెలవుల్లో పది రోజులు వెళ్లొద్దామనుకుంటున్నా, అప్పుడు బొరియలు కనపడతాయా?

సాండా_లెక్కలు:

అక్టోబరు మొదట్లో అయితే కనపడతాయి, ఆలస్యం చేస్తే లేదు. చలి మొదలయ్యాక అవి తలుపేసుకుని నిద్రపోతాయి, మార్చి దాకా లేవవు, అప్పుడు తలుపేసి ఉన్న బొరియ చూసి ఏమీ చెప్పలేం. ఈ పది రోజులు ఊరు, ఇల్లు, మనుషులు చూసుకో, అసలు లెక్క మార్చి నుంచి పెట్టుకో, మే వచ్చేసరికి ఆపెయ్యి. పక్క జోధ్‌పూర్ వైపు ఫలోదిలో 2016 మేలో 51 డిగ్రీలు కొట్టింది, పెన్సిలు పట్టుకుంటే కాలేది.

దసరా, దీపావళి రద్దీ ఉంటుంది, కాచిగూడ టికెట్ ఇప్పుడే తీసుకో. బాబాయ్ నంబర్ మెసేజ్‌లో పంపిస్తా. వెళ్లేటప్పుడు మన జమ్మి కొమ్మ ఫొటో కాదు, నిజంగా ఒక ఎండు కొమ్మ పట్టుకెళ్లు, అక్క చెప్పింది చదివాక నాకు తట్టింది, నాలుగేళ్లలో నాకు ఆ ఆలోచనే రాలేదు.